దూరము – కాలము

ఢిల్లీనుండి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు విమానము ఎన్నిగంటలలో చేరును? బిడ్డల నాయూరికిఁ బంపిన తలిదండ్రులకు ఇది యూరక యడుగు ప్రశ్న కాదు. దీనికి దూరమొక్కటియే బదులు చెప్పఁజాలదు.

ఎయిర్ ఇండియా విమానము మొదట పడమరగా, అట్లాంటిక్ సముద్రము మీఁదుగాఁ బోయెడిది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో తూర్పుగా, పసిఫిక్ మీఁదుగా సుమారు 15,300 కిలోమీటర్లు పోయియు దాదాపు 14½ గంటలలోనే, మునుపటికంటె ముందుగాఁ జేరెను.

కారణము గాలి. ఆ దారులలో పది కిలోమీటర్ల యెత్తున పడమటినుండి తూర్పునకు వడిగాలి వీచుచుండును. గోదావరి పడవవాని కీ మర్మము క్రొత్తది కాదు. వాలుగాలికి చాప యెత్తినవానికి చుట్టుదారియు దగ్గఱిదే. కావున ప్రయాణకాలము లెక్కించునపుడు దూరముతోపాటు దిక్కునుగూడ విచారింపుఁడు.