పేట అరుగు మీద సివిక్స్ పాఠం

(గుడివాడలో కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని మాట్లాడమన్న విషయం చిన్నది. హైస్కూలు పిల్లలకు యింటి దగ్గర వీడియోలు చూపించి సివిక్స్ చెప్పటం ఎట్లా అని. విషయం చిన్నదే గానీ మేం పడ్డ తిప్పలు చిన్నవి కావు. అందుకని వున్నది వున్నట్టు, మా తప్పుతో సహా చెబుతాం.

మాలో ముగ్గురం బడిపంతుళ్లం. మా యిళ్లల్లో డిగ్రీ కాగితం చేతబట్టిన మొదటి తరం మేమే. మేం పదో తరగతి చదివిన రోజుల్లో సివిక్స్ అంటే చరిత్ర అయ్యాక, భూగోళం అయ్యాక, టైముంటే చెప్పే పాఠం. రాష్ట్రపతికి ఎన్నేళ్లు నిండాలి, రాజ్యసభకు ఎంతమంది అని బట్టీకొట్టి రాసేశాం. పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందని కూడా రాశాం, మార్కూ తెచ్చుకున్నాం. అది మన గురించేనని ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

2020 మార్చిలో కరోనాతో బళ్లు మూతపడ్డాయి. దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతికి 'విద్యామృతం' అని, తర్వాత కింది తరగతులకు 'విద్యావారధి' అని పాఠాలు యిచ్చారు. మంచిదే. మేం పేటలో యిల్లిల్లూ తిరిగి చూశాం. పాఠం వచ్చే టైముకి ఆడపిల్ల తల్లితో ఊడ్పులకు పోయింది. మగపిల్లాడు రొయ్యల చెరువు మీద మేత చల్లటానికి పోయాడు. స్మార్టు ఫోను యింటికి ఒకటి వుంటే అది తండ్రి జేబులో చెరువు కాపలాకి పోయింది. ఆ నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచేటప్పటికి కొందరు పిల్లలు మళ్లీ రాలేదు. వాళ్లను పట్టుకోవటానికే దివిసీమలో మా పేటలో ఒక యింటి అరుగు మీద రాత్రి చదువు పెట్టాం. ఇల్లు గలావిడ కరెంటు బిల్లు తనే కట్టుకుంటానంది.

2022 డిసెంబరు 21న ప్రభుత్వ బళ్లల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. ఒక ప్రైవేటు కంపెనీ పాఠాలు అందులో వేసి యిచ్చారు. లెక్కలకు, సైన్సుకు బాగానే పనికొచ్చాయి. గుండె ఎట్లా కొట్టుకుంటుందో బొమ్మలో కదిలించి చూపిస్తే పిల్లకు అర్థమైపోతుంది. ఎందుకంటే ఆ గుండె వూళ్లోనూ పేటలోనూ ఒకేలా కొట్టుకుంటుంది. పంచాయతీ అట్లా కాదు గదా! అక్కడే మాకు చిక్కొచ్చింది.

2024-25లో పదో తరగతికి ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకం వచ్చింది. సివిక్స్ మొదటి పాఠం అధికార పంపకం. బెల్జియం దేశంలో డచ్చి భాష వాళ్లు, ఫ్రెంచి భాష వాళ్లు కేంద్ర మంత్రి పదవులు సగం సగం ఎట్లా పంచుకున్నారు, శ్రీలంకలో సింహళులు పంచుకోనందుకు ఏం జరిగింది అని. మంచి పాఠమే, మేం కాదనం. కానీ డచ్చివాళ్లంటే మన బందరులో సమాధులున్నవాళ్లేనా అని ఒక పిల్లాడు అడిగాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఒక పిల్ల, ఎనిమిదిలో ట్యాబు తెచ్చుకున్న పిల్లే, "మాస్టారూ, మరి మన పంచాయతీలో పంపకం ఎట్లా?" అంది. ఆ పిల్ల తల్లి 2021 ఫిబ్రవరి ఎన్నికల్లో రిజర్వేషను మీద గెలిచిన వార్డు మెంబరు. అరుగు చివర కూచుని చేటలో బియ్యం ఏరుకుంటోంది. పిల్ల ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, మీ మీటింగు ఎప్పుడు జరిగింది?" అంది.

"మీటింగేముందే, పుస్తకం యింటికి తెస్తారు. సంతకం పెడతా" అంది తల్లి.

మేం వీడియో ఆపేశాం.

మిత్రులారా, స్థానిక పాలన మీద ఆ వీడియోలో వున్నది ఒకే ఒక్క నిమిషం. గ్రామసభ ప్రజాస్వామ్యానికి పునాది అని చెప్పి పోతుంది. ఆ ఒక్క నిమిషం దగ్గర మేం మూడు వారాలు ఆగాం. 73వ సవరణ 1992లో జరిగింది, 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. ఎస్సీలకు జనాభాను బట్టి సీట్లు దాని వల్లే, ఆడవాళ్లకు మూడో వంతు దాని వల్లే. మన రాష్ట్రంలో తర్వాత సగం చేశారు. గ్రామసభ అంటే ఎవరో పిలిచిన పెద్దలు కాదు. ఆ గ్రామం ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ అందులో సభ్యుడే. మన 1994 చట్టం ఏడాదికి కనీసం రెండుసార్లు జరపమంది. యిది చెబుతుంటే చేటలు పక్కన పెట్టి ఆడవాళ్లు ముందుకు జరిగారు.

వీడియో ఎందుకు, పుస్తకం లేదా అని మమ్మల్ని అడిగినవాళ్లున్నారు. యిందుకే. పుస్తకం తెరిస్తే పిల్ల ఒక్కతే చదువుతుంది. వీడియో పెడితే చదువురాని తల్లి కూడా తరగతిలో కూచుంటుంది. మేం అనుకుని చేసింది కాదు, దానంతటది జరిగింది.

తర్వాత ఆ పిల్ల సమాచార హక్కు కింద తల్లి పేరు మీద దరఖాస్తు రాసింది, మినిట్స్ పుస్తకం నకళ్లు కావాలని. 2005 చట్టం యిది. గ్రామ స్థాయి కార్యాలయానికి మన రాష్ట్రంలో దరఖాస్తు రుసుం లేదు. ఎందుకు కావాలో చెప్పక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ముప్పై రోజులు పోయాయి, జవాబు లేదు. పైఅధికారికి అప్పీలు పెడితే అప్పుడు కాగితాలు వచ్చాయి. అందులో మన శ్మశానం దారి సంగతి వుంది. వానాకాలం శవాన్ని మోకాటి లోతు నీళ్లలో పొలం గట్ల మీద మోసుకుపోయే దారి, డెల్టాలో మీకు చెప్పక్కర్లేదు. ఆ పని ప్రస్తుతానికి వాయిదా వేయటమైనది అని తీర్మానం. కింద ఆవిడ సంతకం. పిల్ల చదివి వినిపించింది. "నా చేత్తోనే నా దారి మూయించారు" అంది ఆవిడ. ఆ రాత్రి యింక పాఠం జరగలేదు.

యిక మా తప్పు. దరఖాస్తు ఒక్క మనిషి పేరు మీద పంపించాం. పిల్ల ఉత్సాహం చూసి మాకూ ఉత్సాహం పొంగింది, పేట అంతా కూర్చుని మాట్లాడుకోలేదు. ఆ దాళ్వాకి ఆవిడను ఊడ్పులకు పిలవటం మానేశారు. రెండిళ్ల వాళ్లు పిల్లల్ని అరుగు మీదికి పంపటం మానేశారు, 'చదువు చెప్పమంటే తగువు తెస్తున్నారు' అని. వాళ్లను మేం తప్పు పట్టం. కూలి పోయేది వాళ్లకు, మాకు నెల జీతం వస్తుంది. రెండోసారి అర్జీ పెట్టేటప్పుడు పదకొండు మంది సంతకాలు, వేలిముద్రలు పెట్టాం. గ్రామసభకు టముకు వేయించారు. మన ఆడవాళ్లు పోయి ముందు వరసలో కూచున్నారు, ఆ తీర్మానం పైకి చదివించారు. దారి సర్వే చేయిస్తామని రాశారు. యింకా చేయలేదు.

మిగతా సంగతులు తొందరగా చెబుతాం. వీడియోలు ముందే దింపుకోండి, రాత్రిపూట సిగ్నలును నమ్ముకోకండి. పది నిమిషాలకు మించి ఒక్కసారి చూపించకండి. ఎక్కడ ఆపాలో పంతులు ముందుగా చూసుకోవాలి. శ్యాం బెనెగల్ తీసిన 'సంవిధాన్' పది భాగాలు, 2014లో రాజ్యసభ టీవీలో వచ్చింది, చూపించదగ్గది. అది హిందీలో వుంది, పక్కన ఒకరు తెలుగులో చెప్పాలి. రాజ్యాంగ సభలో పదిహేడో అధికరణానికి ఒప్పుదల దొరికింది 1948 నవంబరు 29న. బందరు పిల్లలకు ఆ సభలో మనవూరి పట్టాభి సీతారామయ్య వున్నాడంటే సంతోషం. అదే సభలో కొచ్చిన్ నుంచి వచ్చిన దాక్షాయణి వేలాయుధన్ అనే ఏకైక దళిత స్త్రీ వుందంటే మన ఆడపిల్లలు నిటారుగా కూచున్నారు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం చెప్పేటప్పుడు మాత్రం వీడియో కట్టేయండి. 1985 కారంచేడు, 1991 చుండూరు చూసినవాళ్లు, విన్నవాళ్లు మీ పేటల్లోనే వున్నారు, వాళ్లతో చెప్పించండి.

మార్కులు వస్తాయా అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాలి కూడా. పరీక్షకు నెల ముందు మేం ప్రశ్నలు, జవాబులు రాయించాం, అందులో మొహమాటం లేదు. ఆ పిల్ల యిప్పుడు ఇంటరు చదువుతోంది. ఆదివారాలు వచ్చి కింది తరగతుల వాళ్లకు వీడియో తనే పెడుతోంది. మా కన్నా ఎక్కువసార్లు ఆపుతోంది.

నాగాయలంక వైపు రెండు పేటల వాళ్లు మొదలుపెడతామంటున్నారు. వాళ్లకు ఒక స్పీకరు కావాలి, ఫోనులోంచి పాతికమందికి వినపడదు. యివ్వగలిగినవాళ్లు భోజనాలప్పుడు కనపడండి. యిక మీరు అడగండి.