ఆకు యేది? పత్రక మేది?



వేపరెమ్మ నొకదానిని చేతబట్టి చూడుడు. మనము వేపాకని గిల్లునది నిజమునకు ఆకు గాదు. ఆకులో నొక భాగము. దానిని పత్రకమందురు. పత్రకము మొదట మొగ్గ యుండదు. కాడ కొమ్మకంటుకొను మూలయందే మొగ్గ కన్పట్టును. అచ్చటినుండి కొనవరకు నున్నదంతయు నొక్క యాకు. దీనికి సంయుక్త పత్రమని పేరు.

నడియీనె కిరుప్రక్కల, పక్షియీకవలె, పత్రకములున్నచో పిచ్ఛాకారము: వేప, చింత, కానుగ. చింతకు కొనయందు ఒంటి పత్రకముండదు, కానుగకుండును. ఒక్కచోటినుండి వ్రేళ్లవలె విచ్చుకొన్నచో హస్తాకారము: బూరుగు, వావిలి. కందికి మూడే పత్రకములు. నడిమిదాని కాడ పొడుగగుటచే నదియు పిచ్ఛాకారమే. తుమ్మకు ఈనెయు మరల చీలును గాన ద్విపిచ్ఛాకారము.

ఇది పండితులకే గాని మనకేల యందురేమో. కొట్టము ప్రక్క నీడకై నాటిన తురకవేపను జూడుడు. దాని పత్రకము రంపపుటంచుతో వేపను బోలియే యుండును. కాని వేపాకు ఒక్కమారే చీలును. తురకవేపాకు రెండుమార్లు, ఒక్కొక్కచో మూడుమార్లు. దాని పండ్లు మేసి పందులు, పశువులు చచ్చుటయు కలదు, బిడ్డలకును విషమే.

ఎండిన పత్రకము నొకదానిని కవరులోబెట్టి చెట్టు పేరడిగిన నెవ్వరు చెప్పగలరు? ఆకు మొదటి మొగ్గతోగూడ రెమ్మను కోసి, కాగితముల నడుమ నదిమి, ఆరినపిదప పంపుడు.