ఒక పెద్దసంఖ్య కథ

ఒకటిని రెట్టించిన రెండగును. రెండును రెట్టించిన నాలుగగును. ఇట్లు 67 మారులు రెట్టించి, వచ్చినదానినుండి ఒకటి తీసివేసినచో 147573952589676412927 అను 21 అంకెల సంఖ్య లభించును. చదరంగపు గళ్లలో ధాన్యపుగింజలను రెట్టించుచు పోయిన కథ మనమందరము వినినదే. ఆ 64 గళ్లలోని గింజల మొత్తమునకు ఎనిమిది రెట్లకంటె ఈ సంఖ్య ఏడు మాత్రమే యెక్కువ.

ఒకటిచేతను తనచేతను తప్ప మరి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడని సంఖ్యను ప్రధానసంఖ్య యందురు. మూడు మారులు రెట్టించి ఒకటి తీసివేసిన 7 వచ్చును; ఐదు మారులు రెట్టించిన 31 వచ్చును. ఇవి ప్రధానములు. కాని 11 మారులు రెట్టించిన వచ్చు 2047 ప్రధానము కాదు. అది 23, 89ల లబ్ధము. కావున ఇట్టివానిని వేర్వేరుగా పరీక్షింపక తప్పదు.

1644లో మెర్సెన్ అను ఫ్రెంచి సన్న్యాసి ఇట్టి ప్రధానసంఖ్యల పట్టికను ప్రకటించుచు అందు 67ను చేర్చెను. నిరూపణ మీయలేదు. ఐనను రెండు శతాబ్దములకు పైగా దానిని తప్పని చూపగలిగినవారు లేకపోయిరి. 1876లో లూకా అను ఫ్రెంచి గణితజ్ఞుడు మన సంఖ్య ప్రధానము కాదని నిరూపించెను. చిత్రమేమనగా, దానిని భాగించు సంఖ్య నొక్కదానినైనను ఆయన చూపలేదు!

ఇది యెట్లు సాధ్యము? ఆయన పద్ధతిని 1930లో లేమర్ సులభరూపమునకు దెచ్చెను. 4తో ప్రారంభించి, వర్గముచేసి 2 తీసివేయవలెను. వచ్చినదానిని మరల అట్లే చేయవలెను. 31 విషయమున మూడు మారులు చేసిన చాలును: 4, 14, 194, 37634. ఈ కడపటిది 31చే నిశ్శేషముగా భాగింపబడును. కావున 31 ప్రధానము. మన సంఖ్యకు ఇట్లు 65 మారులు చేయవలెను. కడపట శేషము మిగులును. కావున అది ప్రధానము కాదు.

ఇక కారణాంకము లేవి? అవి 67చే భాగించిన ఒకటి శేషించు సంఖ్యలే కావలెనను నియమము కలదు. అందుచే వెదకుట కొంత తగ్గును. ఐనను మిగిలిన శ్రమ యపారము. 1903లో న్యూయార్కునందలి గణితజ్ఞుల సభలో కోల్ అను అమెరికా పండితుడు 193707721ను 761838257287చే గుణించి చూపెను. లబ్ధము సరిగా మన సంఖ్యయే! ఆయన ఒక్కమాటయు పలుకక నల్లబల్లపై గుణించి కూర్చుండెననియు, వెదకుటకు మూడేండ్ల ఆదివారములు పట్టెననియు ప్రతీతి.

గుణించుట సులభము, విడదీయుట దుష్కరము. ఈ భేదమునే యాధారముగా గొని 1977లో ఒక రహస్యలేఖన పద్ధతి కల్పింపబడినది. కోల్ సంఖ్యను నేటి గణనయంత్రము క్షణములో విడదీయును. కాని వందలకొలది అంకెలుగల సంఖ్యలను తగురీతి నెన్నుకొన్నచో అదియు నిలిచిపోవును.

శ్రోతలారా, మెర్సెన్ మాటను లోకము నమ్మవలసివచ్చెను. కోల్ మాటను నమ్మనక్కరలేదు. ఒక కాగితమును, కొంత యోపికయు నున్నచో మీరే గుణించి చూచుకొనవచ్చును.