గుండెను చూచు దేవుడు

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగములు: 1 సమూయేలు 16:7, అపొ. కార్య. 17:26

ఉప్పల్, నాచారం ప్రాంతాల సంఘాల్లోని వయసు మళ్లిన తల్లులను, తండ్రులను తలంచుకొని ఈ వర్తమానము అందిస్తున్నాను.

సమూయేలు ప్రవక్త యెష్షయి ఇంటికి వెళ్లినప్పుడు ఏలీయాబు ఎత్తును, రూపమును చూచి ఇతడే రాజు అనుకొన్నాడు. దేవుడు ఒప్పుకోలేదు. మనిషి చూపు ముఖము దగ్గర ఆగిపోతుంది, దేవుని చూపు గుండెదాకా వెళుతుంది. మన దేశంలోనైతే ముఖము కంటే ముందు కులము చూస్తారు.

మొదటి సంగతి: దేవుడు మనలనందరినీ ఒకే మూలమునుండి కలుగజేశాడు. పౌలు ఏథెన్సులో పండితుల మధ్య నిలిచి ప్రకటించిన సత్యమిదే. హబ్సిగూడలో, ఉప్పల్ వెళ్లే రోడ్డుమీద సి.సి.ఎం.బి. పరిశోధన సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్త డాక్టర్ తంగరాజ్, ఆయన సహచరులు 2009లో ఒక సంగతి ప్రకటించారు. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో చిన్న లోపము మన ఉపఖండ ప్రజల్లో నూటికి సుమారు నలుగురిలో ఉన్నది. పడుచు వయసులో చాలామందికి దాని సంగతే తెలియదు. వయసు పైబడేకొద్దీ కొందరిలో గుండె బలహీనపడవచ్చు. ఈ లోపము ఎన్నో కులాల్లో, ఎన్నో భాషలవారిలో కనబడింది. అగ్రహారమును చూచి ఆగలేదు, వాడను చూచి ఆగలేదు. చర్మము క్రింద మనము ఎంత దగ్గరివారమో చూడండి!

రెండవ సంగతి: తృణీకారము గుండెను గాయపరుస్తుంది. అమెరికాలోని జాక్సన్ పట్టణంలో 2000 సంవత్సరంలో నల్లజాతివారి గుండె ఆరోగ్యముపై పెద్ద అధ్యయనము మొదలైంది. అయిదు వేలమందికి పైగా అందులో చేరారు. జీవితమంతా వివక్షను ఎక్కువగా అనుభవించామని చెప్పినవారిలో రక్తపోటు కూడా ఎక్కువగా కనబడింది. 52 దేశాల్లో జరిపి 2004లో ప్రకటించిన మరో అధ్యయనము, పొగాకు, రక్తపోటు, షుగరు వ్యాధులతోపాటు మనోవేదనను కూడా గుండెపోటు కారణాల్లో చేర్చింది. నలిగిన మనస్సు ఎముకలదాకా ఎండజేస్తుందని సొలొమోను ఏనాడో గ్రహించాడు (సామెతలు 17:22).

పల్లెలు విడిచివచ్చి నాచారం పారిశ్రామికవాడలో ఏళ్లతరబడి చెమటోడ్చినవారు నేడు తాతలు, అమ్మమ్మలు అయ్యారు. హోటల్లో వేరుగా పెట్టిన గ్లాసు, అద్దె ఇంటి గుమ్మంలో అడిగిన కులము, ఇవి వారు మరచిపోయారనుకొంటున్నారా? పెద్దవారు దిగులుగా ఉన్నదని చెప్పరు. "నిద్ర పట్టడం లేదయ్యా", "ఎదలో బరువుగా ఉందమ్మా" అంటారు. మరి గుడిలోనైనా వారికి ఊరట ఉన్నదా? ఆదివారము పక్కపక్కనే కూర్చుని ప్రభువు బల్ల పుచ్చుకొని, సోమవారము పెళ్లి సంబంధము మాట వచ్చేసరికి కులము అడుగుతున్నామే! కూర్చునే చోటు విషయంలో పక్షపాతము చూపినవారిని యాకోబు గద్దించాడు (యాకోబు 2). ఆ గద్దింపు మనకే.

మూడవ సంగతి: దేవుడు నలిగినవారిని ఓపికగా బాగుచేస్తాడు. ఏలీయా చావు కోరుకొని బదరీచెట్టు క్రింద పడుకొన్నప్పుడు దేవుడు మొదట అతనిని నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఆ తరువాతే అతనితో మాటలాడాడు (1 రాజులు 19). శరీరమును, మనస్సును ఆయన వేరు చేయలేదు.

కాబట్టి పెద్దలారా, ప్రార్థన చేస్తున్నాము గదా అని బీపీ మాత్రలు మానవద్దు. సువార్త రాసిన లూకా వైద్యుడే. నాచారంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది; ఉద్యోగ విరమణ చేసిన కార్మికులకు కూడా నిబంధనల ప్రకారము వైద్యము ఉంటుంది, విచారించండి. ఎదలో బరువు, చెమటలు, ఆయాసము వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయించండి. షుగరు ఉన్నవారికి నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు, జ్ఞాపకముంచుకోండి.

సంఘస్థులారా, ఈ వారము ఒక పెద్దాయన ఇంటికో, ఒంటరిగా ఉన్న ఒక తల్లి ఇంటికో వెళ్లండి. ఉపదేశము చేయవద్దు. వారు తమ పాత సంగతులు చెప్పుకొంటే "ఇప్పుడవన్నీ ఎందుకు" అని నోరు మూయించవద్దు, చివరిదాకా వినండి. మీ చేత, మీ పెద్దల చేత ఎవరైనా చిన్నచూపునకు గురైతే, వారు బ్రదికి ఉండగానే క్షమాపణ అడగండి. సమాధిమీద పూలదండ ఆ గాయమును మాన్పదు.

ప్రార్థన చేద్దాము. పరలోకపు తండ్రీ, మనుష్యులు తృణీకరించినవారిని నీవు పేరుపెట్టి పిలుస్తావు. వృద్ధుల గుండెల్లోని బరువును తీసివేయుము. మా గుండెల్లోని గర్వమును విరుగగొట్టుము. క్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.