ఇంట్లో ఇంక్యుబేటర్ పెట్టే ముందు 22వ రోజు గురించి ఆలోచించండి

మదనపల్లె నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశా. ఈరోజు టాపిక్ మీలో చాలామంది అడిగిందే. ఇంట్లో ఇంక్యుబేటర్‌లో కోడిగుడ్లు పొదిగించడం ఎలా?

థర్మాకోల్ పెట్టె, రెండు బల్బులు, చిన్న ఫ్యాను, ఒక కంట్రోలర్... ఇప్పుడు అన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. షార్ట్ వీడియోల్లో చూస్తే గుడ్లు పెట్టారు, కట్ చేస్తే పిల్లలు వచ్చేశాయి. మధ్యలో 21 రోజులు ఏం చేయాలో, 22వ రోజు నుంచి ఏం చేయాలో మాత్రం తక్కువమంది చెప్తారు. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి వచ్చినోణ్ణి కదా, కొంచెం నంబర్లతోనే చెప్తా. భయపడకండి, అన్నీ చిన్న లెక్కలే.

ముందు, అసలు మిషన్ ఎందుకు? నాటు కోడి ఒక విడతలో 12 నుంచి 15 గుడ్లు పెడుతుంది. తర్వాత 21 రోజులు పొదుగుతుంది. పిల్లలు వచ్చాక ఇంకో రెండు నెలల దాకా వాటిని వెంటేసుకుని తిరుగుతుంది. అన్నాళ్లూ గుడ్లు పెట్టదు. అందుకే నాటు కోడి ఏడాదికి 50, 60 గుడ్ల దగ్గరే ఆగిపోతుంది. గుడ్లు మనం పొదిగిస్తే కోడి త్వరగా మళ్లీ గుడ్లకొస్తుంది. పాయింట్ ఇదే.

మా పక్క పల్లెలో ఒక అక్కకు 5 నాటు పెట్టలున్నాయి. గుడ్లు, పిల్లలు అమ్మిన డబ్బు ఆమె చేతిలోనే ఉంటుంది, నోటుబుక్కుకైనా చెప్పులకైనా ఇంట్లో ఎవర్నీ అడగక్కర్లేదు. "ఏం నాయనా, నా గుడ్లు నీ పెట్టెలో పెడితే కోళ్లు బిరీన గుడ్లకొస్తాయి కదా?" అని 20 గుడ్లు తెచ్చిచ్చింది. ఆ 20 గుడ్లు ఆమె అమ్ముకోలేదు, ఇంట్లో వండుకోలేదు. ఎక్స్‌పెరిమెంట్ అని మనం సరదాగా అంటాం గానీ, అవతలివాళ్లకు అది డబ్బు. ఈ మాట గుర్తుపెట్టుకుని మిగతాది వినండి.

పొదిగే కోడి నాలుగు పనులు చేస్తుంది. వేడి ఇస్తుంది. ముక్కుతో గుడ్లు దొర్లిస్తుంది. తేమ కాపాడుతుంది. రోజూ కాసేపు మేతకు లేచి గుడ్లకు గాలి తగలనిస్తుంది. మన పెట్టె చేయాల్సింది కూడా ఈ నాలుగే. ఇదేం కొత్త టెక్నాలజీ కాదు. ఈజిప్టులో రెండు వేల ఏళ్లకు ముందు నుంచే మట్టి పొయ్యిలు కట్టి వేల గుడ్లు పొదిగించారు. థర్మామీటర్ లేదు, గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి చూసేవాళ్లు. అంటే ఖరీదైన మిషన్ కంటే శ్రద్ధ ముఖ్యం.

గుడ్ల ఎంపికకొద్దాం. షాపులో కొన్న ఫారం గుడ్లు పెట్టి పిల్లలు రాలేదని బాధపడకండి. లేయర్ ఫారాల్లో పుంజులుండవు, ఆ గుడ్లలో పిల్ల కట్టదు. పుంజు తిరిగే మందలో గుడ్లే కావాలి. 8, 10 పెట్టలకు ఒక పుంజు చాలు. పెట్టి వారం దాటని గుడ్లు తీసుకోండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఎండాకాలం రేకుల ఇంట్లోనూ ఉంచొద్దు, ఆ వేడికి లోపల పిల్ల సగం మొదలై చచ్చిపోతుంది. చల్లని గదిలో, లావు కొన పైకి పెట్టి ఉంచండి. మట్టి అంటితే పొడిగుడ్డతో తుడవండి, కడగొద్దు. పగుళ్లున్నవి పక్కన పెట్టేయండి.

ఇంకో డౌట్ కూడా చాలామంది అడుగుతున్నారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు మన పక్క చాలా ఇళ్లల్లో ఉన్నాయి. వాటి గుడ్లు పొదిగించొచ్చా? పొదిగించొచ్చు, పిల్లలొస్తాయి. కానీ అవి క్రాస్ రకాలు. ఆ పిల్లలు పెద్దయ్యాక తల్లుల్లా గుడ్లు పెడతాయని గ్యారంటీ లేదు. వాటిని అసలు రకమని చెప్పి అమ్మకండి.

ఇప్పుడు వేడి. ఫ్యాను ఉన్న పెట్టెలో 37.5 నుంచి 37.8 డిగ్రీల సెల్సియస్. ఫ్యాను లేకపోతే పైన వేడి, కింద చల్లన, కాబట్టి ఫ్యాను ఉన్నదే తీసుకోండి. కంట్రోలర్ మీద కనిపించే నంబర్‌ను గుడ్డిగా నమ్మొద్దు. ఇంట్లో జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ ఉంటుంది కదా. గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి, అదీ కంట్రోలర్ సెన్సరూ పక్కపక్కనే ముంచండి. జ్వరం థర్మామీటర్ 100 ఫారన్‌హీట్ చూపిస్తే కంట్రోలర్ 37.8 చూపించాలి. తేడా ఎంతుందో రాసుకుని సెట్టింగ్ మార్చుకోండి. ఖర్చు సున్నా. గుడ్లు పెట్టే ముందు ఒక రోజంతా ఖాళీ పెట్టె నడిపి చూడండి.

తేమ. మొదటి 18 రోజులు 50 నుంచి 55 శాతం, చివరి 3 రోజులు 65 నుంచి 70 శాతం. చవక తేమ మీటర్లు చాలావరకు తప్పే చూపిస్తాయి. అందుకే నేను వంటింటి త్రాసును నమ్ముతా. పెంకుకున్న సన్నని రంధ్రాల గుండా గుడ్డులో నీరు కొంచెం కొంచెం ఆవిరవుతుంది. 18 రోజుల్లో గుడ్డు బరువు 12 శాతం దాకా తగ్గాలి. 20 నాటు గుడ్లు 900 గ్రాములనుకోండి. 12 శాతమంటే 108 గ్రాములు, రోజుకు 6 గ్రాములు. అంటే 7వ రోజు తూకం 858 దగ్గర ఉండాలి. 870 ఉందంటే తేమ ఎక్కువైంది, నీళ్ల గిన్నె చిన్నది పెట్టండి. 840 ఉందంటే ఎండిపోతోంది, గిన్నె పెద్దది చేయండి. గిన్నెలో నీళ్లు ఎంత లోతున్నాయన్నది కాదు, పైన ఎంత వెడల్పున్నాయన్నదే లెక్క.

తిప్పడం. రోజుకు 3 సార్లు, కుదిరితే 5 సార్లు. బేసి సంఖ్య ఎందుకంటే, రాత్రి ఎక్కువసేపు ఒకే వైపు ఉంటుంది కదా, ఆ వైపు రోజూ మారుతూ ఉండాలి. పెన్సిల్‌తో ఒక వైపు ఇంటూ, ఇంకో వైపు సున్నా గీసుకోండి. తిప్పకపోతే పిల్ల లోపల పొరకు అంటుకుపోతుంది. చేతులు కడుక్కునే ముట్టుకోండి, ముట్టుకున్నాక మళ్లీ కడుక్కోండి.

7వ రోజు రాత్రి గదిలో లైట్లు ఆపి, ఫోన్ టార్చ్ మీద గుడ్డు పెట్టి చూడండి. సాలెపురుగు కాళ్లలా ఎర్రని నరాలు కనిపిస్తే లోపల పిల్ల ఉంది. ఏమీ లేకుండా తేటగా ఉంటే పిల్ల కట్టలేదు. ఎర్రని ఉంగరంలా గీత ఉంటే మొదలై ఆగిపోయింది. ఈ రెండు రకాలూ తీసేయండి, లోపలే ఉంటే మురిగి పగిలి మిగతావాటినీ పాడుచేస్తాయి. అక్క గుడ్లలో 3 తేటగా, 1 ఉంగరంతో వచ్చాయి. మిగిలినవి 16.

ఇక అందరి భయం, కరెంటు. గంట, రెండు గంటలు పోతే కంగారు పడొద్దు. కోడి కూడా గుడ్లొదిలి మేతకెళ్తుంది కదా. మూత తెరవకండి. పెట్టె మీద దుప్పటి కప్పండి, కానీ గాలి రంధ్రాలు మూయకండి. ఎక్కువసేపు పోతే సీసాలో వేడినీళ్లు పోసి గుడ్లకు తగలకుండా లోపల ఒక మూల పెట్టండి. చలికాలం మన మదనపల్లె రాత్రిళ్లు చల్లగా ఉంటాయి, కాబట్టి పెట్టెను వరండాలో కాకుండా లోపలి గదిలో ఉంచండి. నిజానికి చల్లదనం కంటే ఎక్కువ వేడి డేంజర్. 40 డిగ్రీలు దాటి కాసేపున్నా పిల్లలు చచ్చిపోతాయి. అందుకే కంట్రోలర్‌లో అలారం ఆన్ చేసుకోండి. ఇంకో సీరియస్ విషయం, థర్మాకోల్ అంటుకుంటే క్షణాల్లో మండుతుంది. బల్బు థర్మాకోల్‌కు తగలకుండా చుట్టూ ఇనుప జల్లెడ కట్టండి. వైర్లను నీళ్ల గిన్నెకు దూరంగా ఉంచండి.

18వ రోజు తిప్పడం ఆపేయండి, తేమ పెంచండి, మూత వేసేయండి. 20, 21 రోజుల్లో పెంకు మీద చిన్న చిట్లు కనిపిస్తుంది. అక్కడి నుంచి పిల్ల బయటికి రావడానికి 24 గంటలు కూడా పట్టొచ్చు. సాయం చేద్దామని పెంకు ఒలవకండి. పొరలో రక్తనాళాలు ఇంకా ఎండి ఉండవు, పచ్చసొన కడుపులోకి పూర్తిగా వెళ్లి ఉండదు. మాటిమాటికీ మూత తెరిస్తే తేమ పోయి పొర పిల్లకు బిగుసుకుపోతుంది. వచ్చిన పిల్లలు ఆకలితో ఉన్నాయేమో అని కూడా భయం వద్దు, కడుపులో ఉన్న పచ్చసొనతో రెండు రోజులుంటాయి. ఒళ్లు ఆరి బూరుగు దూదిలా అయ్యాకే బయటికి తీయండి.

అక్క 16 గుడ్లలో 14 పిల్లలొచ్చాయి. అందరూ ఇక్కడే వీడియో ఆపేస్తారు. నేను చెప్పాలనుకున్నది ఇక్కడే మొదలవుతుంది.

మిషన్ 21 రోజుల పనే చేస్తుంది. మేత ఏరుకోవడం నేర్పదు, గద్ద వస్తే రెక్కల కింద దాచదు. అమ్మ లేని పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, ఆ తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. బల్బు కింద గుంపుగా నక్కితే చలి, దూరంగా పారిపోతే వేడి, చెదిరి తిరుగుతుంటే కరెక్ట్. మొదటిరోజే ఒక్కోదాని ముక్కు నీళ్లలో ముంచి తాగడం చూపించాలి.

ఇంతకంటే పెద్దది టీకా. మన పల్లెల్లో కొక్కెర తెగులు వచ్చిందంటే ఒక్క వారంలో వీధి వీధే ఖాళీ. 7వ రోజు లసోటా టీకా కంట్లో ఒక చుక్క, 14వ రోజు గంబోరో. డాక్టర్ గారిని అడిగి డేట్లు రాసుకోండి. చిక్కేంటంటే, చిన్న సీసాలో కూడా 100 డోసులుంటాయి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. 14 పిల్లలకోసం ఎవరు తెస్తారు? అందుకే చాలామంది వేయించరు. పరిష్కారం సింపుల్. వీధిలో నాలుగిళ్లు కలిసి ఒకే రోజు గుడ్లు పెట్టండి, ఒకే రోజు టీకా వేయించండి. సీసాను ఐసు ముక్కలున్న ఫ్లాస్కులో తెచ్చుకోండి. శుక్రవారం సాయంత్రం గుడ్లు పెడితే సరిగ్గా 3 వారాలకు శుక్రవారమే పిల్లలొస్తాయి. శని, ఆదివారాలు మీరు ఇంట్లోనే ఉంటారు. 7వ రోజు, 14వ రోజు టీకాలు కూడా శుక్రవారమే.

అక్క పిల్లల విషయంలో మేం ఇంకోటి చేశాం. ఆమె పెట్టల్లో ఒకటి అప్పటికే రెండు వారాలుగా పొదుగు మీదుంది. దాని కింద రెండే గుడ్లుంచాం. రాత్రి చీకట్లో ఆ గుడ్లు తీసేసి, 14 పిల్లల్నీ ఒక్కొక్కటిగా దాని రెక్కల కింద పెట్టాం. తెల్లారేసరికి గంపలోంచి అమ్మ పిలుపు, పిల్లల కిచకిచలు. ఒక తల్లి 14 పిల్లల్ని సాకుతుంటే, మిగతా నాలుగు పెట్టలు గుడ్ల మీద గుడ్లు పెడుతున్నాయి. వేడి మిషన్‌ది, పెంపకం కోడిది. అన్ని కోళ్లూ ఒప్పుకోవు, పొడిచేవి కూడా ఉంటాయి. కాబట్టి తెల్లారేవరకు కనిపెట్టుకుని ఉండాలి, పక్కన బల్బు పెట్టె రెడీగా ఉండాలి.

కాబట్టి ఫ్రెండ్స్, స్విచ్ వేసే ముందు ఒక కాగితం మీద నాలుగు రాసుకోండి. ఎన్ని పిల్లలొస్తే నేను సాకగలను? వాటిలో సగం పుంజులే కదా, వాటినేం చేస్తాను? పగలు ఎవరు చూస్తారు? టీకా ఏ రోజు? నాలుగింటికీ జవాబులుంటే గుడ్లు పెట్టండి. లేకపోతే 50 గుడ్ల పెట్టె కొన్నా 10 గుడ్లతోనే మొదలుపెట్టండి, తప్పేం లేదు.

మీ ఊళ్లో కరెంటు, చలి ఎలా ఉంటాయో, మీ పెట్టెలో 7వ రోజు తూకం ఎంతొచ్చిందో నాకు రాయండి. నంబర్లు పంపితే కలిసి లెక్కేద్దాం. ఇంట్లో అమ్మకో, ఊళ్లో అత్తకో కోళ్లుంటే ఈ ఎపిసోడ్ వాళ్లకు వినిపించండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.