రక్తం గడ్డకట్టకుండా మాత్రలు – మా అనుభవం



గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బుకు రక్తం గడ్డకట్టకుండా మాత్రలు మింగుతున్నవాళ్లం ఈ సభలో నలుగురైదుగురం ఉన్నాం. మా అందరి తరఫున ఈ నాలుగు మాటలు.

ఈ జబ్బులో గుండె పైగదులు సరిగ్గా ముడుచుకోక వణుకుతుంటాయి. అక్కడ రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతమే. మాత్ర అందుకు, దడ తగ్గడానికి కాదు. ఇది తెలియక మాలో ఒకరి అమ్మీజాన్ రంజాన్‌లో "దడ లేదుగా, రోజాలయ్యాక వేసుకుంటాలే" అని ఆపేశారు. ఒకనాడు సహరీకి లేపబోతే మాట పడిపోయి ఉంది. ఇప్పటికీ కుడిచెయ్యి లేవదు.

ముందే డాక్టరుగారిని అడగవలసింది. అసిట్రాం, వార్ఫరిన్ మామూలుగా రోజుకొక్కసారే గనుక ఇఫ్తార్ తరువాత వేసుకునే వీలుంది. రెండుపూటల అపిక్సాబాన్ అయితే ఇఫ్తార్‌కొకటి, సహరీకొకటి.

వార్ఫరిన్, అసిట్రాం వాళ్లకు ఐ.ఎన్.ఆర్. రక్తపరీక్ష తప్పదు; చాలామందికి 2 – 3 మధ్య ఉండాలి. పాలకూర, తోటకూర మానక్కర్లేదు గానీ ఎప్పుడూ ఒకే తీరుగా తినాలి. మోకాళ్ల నొప్పులకని షాపులో అడిగి కొన్న బిళ్లలతో మాలో ఒకరికి నల్లటి విరేచనాలు పట్టుకున్నాయి. హిజామాకు కూర్చున్న ఇంకొకాయనకు కోతల రక్తం ఆగక, రాత్రికి రాత్రే ఆసుపత్రికి పరుగెత్తాం.

మా జేబుల్లో మాత్ర పేరు రాసిన చీటీ ఉంటుంది. మేం ఎక్కడైనా పడిపోతే ముందు అది తీసి డాక్టరుకు చూపించండి.