రాడార్‌లో నల్లగా ఉంటే దారి ఖాళీ అనుకోవద్దు

ఈ రోజు టాపిక్ విమానంలో ఉండే వెదర్ రాడార్. పైలట్లు దాన్ని ఎట్లా చదువుతారు, మనం సిమ్యులేటర్‌లో ఎక్కడ తప్పు చదువుతాం, అది చూద్దాం. కానీ మొదలుపెట్టేది విమానంతో కాదు, మా మామ పత్తి ట్రాక్టర్‌తో.

మాది ఎమ్మిగనూరు పక్కన పల్లె. పోయిన అక్టోబర్‌లో మామ పత్తి లోడ్ చేసుకుని ఆదోని మార్కెట్ యార్డుకు బయల్దేరుతూ నాకు ఫోన్ చేశాడు. "ఏమిరా, ఉత్తరం దిక్కు మోడం పట్టింది, గాలి కూడా తిరిగింది. పట్ట కట్టాల్నా వద్దా?" అన్నాడు. నేను బీటెక్ చదివినోడిని కదా, ఫోన్‌లో హైదరాబాద్ రాడార్ బొమ్మ తెరిచి చూశా. మన వైపు ఒక్క చుక్క రంగు లేదు. "క్లియర్‌గా ఉంది మామా, పో" అన్నా.

ఆదోని చేరేలోపల వాన దంచింది.

పత్తి అమ్మేవాళ్లకు తెలుసు. తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర. అక్కడి నుంచి 12 వరకు కోత. 12 దాటితే సీసీఐ తీసుకోదు. మామ ఆ పత్తిని వచ్చిన రేటుకు అమ్ముకుని ఇంటికొచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. "నీ మిషన్‌కు కనపడలేదేమోలేరా" అన్నాడు, అంతే. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఎందుకు కనపడలేదు అని వెతుక్కుంటూ పోతే, నేను రాత్రిళ్లు ఆడే ఫ్లైట్ సిమ్యులేటర్ దగ్గరే జవాబు దొరికింది.

మ్యాప్‌లో ముంబై నుంచి చెన్నైకి ఒక గీత గీయండి. దాదాపు ఆదోని మీదుగా పోతుంది. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు గీస్తే కర్నూలు పక్కనుంచి పోతుంది. మన నెత్తి మీద పోయే ఆ పెద్ద విమానాల ముక్కు ఉంది కదా, దాన్ని రేడోమ్ అంటారు. దాని లోపల పళ్లెంలాంటి యాంటెనా ఎడమకు కుడికి ఊగుతా ఉంటుంది. సుమారు 3 సెంటీమీటర్ల వేవ్‌లెంగ్త్ ఉన్న రేడియో తరంగాలు పంపిస్తుంది. నీటి చుక్కలకు తగిలి వెనక్కి వచ్చినదాన్ని బట్టి స్క్రీన్ మీద రంగులేస్తుంది. తక్కువ వాన ఆకుపచ్చ, ఇంకొంచెం ఎక్కువైతే పసుపు, గట్టి వాన ఎరుపు. దగ్గర్లో కుదుపులు ఉంటే మెజెంటా. ఏమీ తిరిగి రాకపోతే నలుపు.

ఇక్కడే మనం మోసపోతాం. అది చూసేది మేఘాన్ని కాదు, అందులోని నీటి చుక్కల్ని. పొడి వడగళ్లు, మంచు స్ఫటికాలు దానికి సరిగా కనపడవు. వాన లేని చోట గాలి కుదుపు ఉంటే అసలే కనపడదు.

మొదటి సమస్య టిల్ట్. యాంటెనాను పైకో కిందికో వంచడాన్ని టిల్ట్ అంటారు. విమానం 36,000 అడుగుల్లో పోతోంది అనుకోండి. యాంటెనా తిన్నగా ముందుకు చూస్తే, ఉరుముల మేఘం పైభాగం మాత్రమే దానికి తగులుతుంది. అక్కడ ఉండేది ఎక్కువగా మంచు. అసలు నీళ్లన్నీ కింద ఉంటాయి. అందుకే స్క్రీన్ మీద లేత ఆకుపచ్చో, నలుపో కనిపిస్తుంది. అందుకని పైలట్ టిల్ట్ కొంచెం కిందికి దించి, స్క్రీన్ చివర్లో నేల కొద్దిగా కనపడేలా పెట్టుకుంటాడు. లెక్క సింపుల్. డిగ్రీలను నాటికల్ మైళ్లతో గుణించి, దాన్ని 100తో గుణిస్తే అడుగులు వస్తాయి. కిరణం వెడల్పు 3.5 డిగ్రీలు ఉంటే, 80 మైళ్ల దూరంలో అది 28,000 అడుగుల మందం అవుతుంది. సన్నగా కోసే కత్తి అనుకుంటాం గానీ, దూరం పోయేకొద్దీ టార్చ్ లైట్ లాగా పరుచుకుంటుంది. కొత్త విమానాల్లో ఈ టిల్ట్ పని చాలావరకు ఆటోమేటిక్. కానీ అది ఏం చేస్తోందో పైలట్‌కు తెలిసి ఉండాలి.

రెండోది ఇంకా డేంజర్. దాన్ని రాడార్ నీడ అనుకోండి. ముందున్న వాన మరీ గట్టిదైతే తరంగాలను అదే మింగేస్తుంది. వెనక ఏముందో తిరిగి చెప్పడానికి ఏమీ మిగలదు. అప్పుడు ఎరుపు వెనక నల్లగా కనపడుతుంది. చూసేవాడికి అది దారిలా ఉంటుంది.

1977 ఏప్రిల్ 4న అమెరికాలో సదరన్ ఎయిర్‌వేస్ 242 విమానం తుపాను మేఘంలో పడింది. రాడార్‌లో ఖాళీగా కనపడిన వైపు పోతే, అక్కడే అతి గట్టి వాన, వడగళ్లు. రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. జార్జియాలో రోడ్డు మీద దింపడానికి ప్రయత్నించారు. మొత్తం 72 మంది చనిపోయారు.

ఇప్పుడు నా సిమ్యులేటర్ కథ. శంషాబాద్ నుంచి బెంగళూరుకు ఎగరేస్తున్నా. కర్నూలు దగ్గర రెండు ఎర్ర మచ్చలు, మధ్యలో నల్ల సందు. సర్రున దూరిపోయా, ఏమీ కాలేదు. స్క్రీన్‌షాట్ తీసి ఫ్రెండ్స్ గ్రూప్‌లో పెట్టా కూడా. తర్వాత గమనించా, నేను ఆడిన ఆ విమానంలో టిల్ట్ నాబ్ తిప్పినా బొమ్మ మారదు. ఎరుపు వెనక నీడ పడదు. వాన ఎక్కడుందో కంప్యూటర్‌కు ముందే తెలుసు, అదే తెచ్చి స్క్రీన్ మీద అతికిస్తోంది. అసలు రాడార్‌కు ఏదీ ముందే తెలియదు. ఆట నాకు రంగులు నేర్పింది, అనుమానించడం నేర్పలేదు.

అసలు పైలట్లకు ఉండే సూచన ఏమిటంటే, తీవ్రమైన ఉరుముల మేఘానికి కనీసం 20 నాటికల్ మైళ్లు దూరంగా పోవాలి. అంటే 37 కిలోమీటర్లు. ఆదోని మీద మేఘం ఉంటే ఎమ్మిగనూరు మీదుగా కూడా పోకూడదన్న మాట! రెండు మేఘాల మధ్య సందులో దూరడం సంగతి ఇంక మీరే ఆలోచించండి.

రాడార్ ఉన్నా కష్టమైన సందర్భాలు ఉంటాయి. 2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ పోతున్న ఇండిగో 6ఇ 2142 వడగళ్లలో చిక్కింది. క్షేమంగా దిగింది గానీ ముక్కు పగిలిపోయింది. రాడార్ ఉండే ముక్కే అది.

ఇంకొకటి మన జిల్లా వాళ్లు మర్చిపోలేనిది. 2009 సెప్టెంబర్ 2. ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖర రెడ్డి గారి బెల్ 430 హెలికాప్టర్ బేగంపేట నుంచి చిత్తూరుకు బయల్దేరింది. దారిలో రాడార్ ఎరుపు చూపించిందని, కొంచెం ఎడమకు తిప్పారని దర్యాప్తు నివేదిక చెప్పింది. ఆ తర్వాత ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక వచ్చింది. దాని గురించి మాన్యువల్ వెతకడంలోనే 6 నిమిషాలకు పైగా పోయాయి. కిందికి తోసే గాలిలో చిక్కి హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలింది. అయిదుగురూ చనిపోయారు. రాడార్ హెచ్చరిక చేస్తుంది. దాన్ని చివరిదాకా పట్టించుకోవాల్సింది మనిషే.

సరే, మామ పత్తి దగ్గరికి వద్దాం. హైదరాబాద్ నుంచి ఆదోనికి నేరుగా సుమారు 230 కిలోమీటర్లు. అక్కడి రాడార్ అర డిగ్రీ పైకి చూస్తే, భూమి గుండ్రంగా ఉంది కాబట్టి, కిరణం మధ్యభాగం ఆదోని చేరేసరికి సుమారు 5 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. దాని కింద పడే వాన, అప్పుడే ఎదుగుతున్న మేఘం, సరిగా దొరకవు. పైగా ఫోన్‌లో కనిపించే బొమ్మ కొన్ని నిమిషాల పాతది. విమానం యాంటెనా మంచు మీదుగా చూసినట్టే, ఆ కిరణం కూడా మామ ట్రాక్టర్ మీదుగా దాటిపోయింది. మిషన్ తప్పు లేదు. "నాకు కనపడలేదు" అని అది చెబితే, "ఏమీ లేదు" అని మామకు చెప్పింది నేను.

మామ దగ్గర రెండు గుర్తులున్నాయి, మోడం, తిరిగిన గాలి. నా దగ్గర ఒక్క స్క్రీన్. పైలట్ కూడా అంతే, రాడార్ చూస్తాడు, కిటికీలోంచి చూస్తాడు, ముందు పోయిన విమానం ఏం చెప్పిందో వింటాడు. మూడూ కలిస్తేనే నిర్ణయం.

ఈ సీజన్‌లో మామ మళ్లీ ఫోన్ చేశాడు. బొమ్మ నల్లగానే ఉంది. "రాడార్‌లో ఏం కనపడలేదు మామా. అక్కడ ఆకాశం ఎట్లుంది?" అని అడిగా. "మోడమే" అన్నాడు. "అయితే పట్ట కట్టు" అన్నా. ఆ రోజు వాన రాలేదు. పట్ట కట్టిన పది నిమిషాలే ఖర్చు.

మీరు సిమ్ ఆడేవాళ్లయితే మీ విమానంలో టిల్ట్ తిప్పితే బొమ్మ మారుతుందో లేదో చెక్ చేసి కామెంట్‌లో రాయండి.